కర్షకుని రెండవ రాబడి: దాని పద్దు, దాని పన్ను

విత్తనశుద్ధిని గూర్చియు, పచ్చిరొట్ట యెఱువులను గూర్చియు వ్రాయవలసిన మేము ఈ మాసమున పన్నులను గూర్చి వ్రాయుట చూచి సభ్యులు కొందఱు ఆశ్చర్యపడవచ్చును. మేము పొలములలో ప్రదర్శనములు జరుపువారమే గాని పన్నుల వకీలులము కాము. అయినను ఈ పాఠమును మేమే వ్రాయుటకు ఒక కారణము కలదు. దానిని ముందుగా చెప్పుకొనుట మా ధర్మము.

కొన్ని సంవత్సరముల క్రిందట మేమొక గ్రామమున వరి వెదజల్లు పద్ధతిని చూపుచుండగా, ఆరెకరముల ఆసామి యొకడు మమ్ము ప్రక్కకు పిలిచి, "అయ్యా, బ్యాంకు అప్పుతో వరికోత యంత్రము కొంటిని. ఊరూర తిరిగి కోసి బాడుగ తెచ్చుకొనుచున్నాను. దీనికి కాగితములేమైన పెట్టవలెనాండీ?" అని యడిగెను. మేము తొందరలో నుండి, "రైతుకు పన్నెక్కడిది? మీ పని మీరు చూచుకొనుడు" అని చెప్పి పంపితిమి.

2019-20వ సంవత్సరమున ఆ యాసామి తన పొదుపు ఖాతాలో మొత్తముమీద 14 లక్షల రూపాయల నగదు జమకట్టెను. అందు 8 లక్షలు యంత్రపు బాడుగ. 3 లక్షల 50 వేలు తన వడ్ల సొమ్ము, మినుముల సొమ్ము. తక్కినది తన తమ్ముని తరఫున వసూలు చేసిన కౌలు. ఒక సంవత్సరమున పొదుపు ఖాతాలలో 10 లక్షలు గాని అంతకు మించి గాని నగదు జమయైనచో బ్యాంకు ఆ సంగతిని ఆదాయపు పన్ను శాఖకు తెలుపవలెనను నియమము అప్పటికే యుండెను. తరువాత నోటీసు వచ్చెను: ఈ సొమ్ము ఎక్కడిదో చెప్పుమని.

అతనియొద్ద చెప్పుటకు నోరు కలదు గాని చూపుటకు కాగితము లేదు. వడ్లకును మినుములకును పాసుపుస్తకము, అడంగలు, అమ్మకపు చీటీలు చూపెను. తమ్ముని కౌలుపత్రము దొరకెను. మన సంఘపు రసీదులును కొంత అక్కఱకు వచ్చినవి. బాడుగ సొమ్ములో 5 లక్షలకు పొలముల యజమానులు వచ్చి సాక్ష్యమిచ్చిరి. తక్కిన 3 లక్షలకు ఎవరి పొలము కోసెనో, ఎప్పుడు కోసెనో అతనికే జ్ఞప్తి లేదు. మూలము చూపని సొమ్ముపై ఆ యేండ్లలో చట్టము నూటికి 60 వంతుల పన్ను, ఆ పన్నుపై 25 వంతుల సర్‌చార్జి, ఆ రెంటిపై 4 వంతుల సెస్సు విధించుచుండెను. అన్నియు గలిపిన నూటికి 78 రూపాయలు. 3 లక్షలకు 2,34,000 రూపాయలు. ఇల్లాలి నగలు కుదువబెట్టి యతడు ఆ సొమ్ము చెల్లించెను.

ఇందు చిత్రమేమనగా, మొదటినుండి పద్దు వ్రాసియుండినచో అతడు ఒక్క రూపాయి పన్ను కట్టవలసిన పనియే లేదు. అది యెట్లో ఈ పాఠము చివరకు వచ్చునప్పటికి సభ్యులకే తెలియును. అతడు మమ్ము నిందింపలేదు. "మీరు చెప్పితిరి గదా యని యూరకుంటినండీ" అని మాత్రమనెను. ఆ మాట మమ్ము నేటికిని వదలలేదు. కావున నాడు చెప్పవలసినదానిని నేడు సవిస్తరముగా చెప్పుచున్నాము.

మినహాయింపు నేలకు, మనిషికి కాదు

రైతుకు పన్ను లేదను మాట యెట్లు పుట్టినదో మొదట తెలిసికొందము. మన దేశమున ఆదాయపు పన్ను 1860లో మొదలయ్యెను. తొలుత వ్యవసాయపు ఆదాయము కూడ అందు చేరియుండెను. భూమిశిస్తు చెల్లించు నేలపైననే మరల ఆదాయపు పన్ను వేయుట రెండు దెబ్బలు కొట్టుట వంటిదను వాదము బలపడి, 1886 నాటి చట్టమున వ్యవసాయాదాయమును విడిచిపెట్టిరి. 1935 నాటి భారత ప్రభుత్వ చట్టము వ్యవసాయాదాయముపై పన్ను వేయు నధికారమును రాష్ట్రములకు వదలెను. మన రాజ్యాంగమును ఆ విభజననే యుంచినది. 1961 నాటి ఆదాయపు పన్ను చట్టమున 10వ సెక్షను మొదటి ఖండము ప్రకారము వ్యవసాయాదాయము కేంద్రపు పన్నుకు లోబడదు. ఆ చట్టమునకు బదులుగా 2026 ఏప్రిల్ 1 నుండి వర్తించునట్లు 2025లో నూతన చట్టము చేయబడినది. సెక్షనుల సంఖ్యలు మారినను ఈ మినహాయింపు నిలిచియే యున్నది.

చట్టమెక్కడను "కర్షకునికి పన్ను లేదు" అని చెప్పలేదు. "వ్యవసాయాదాయమునకు పన్ను లేదు" అని మాత్రమే చెప్పినది. ఈ రెండు మాటలకును గల దూరమే పై ఆసామి యింటి నగల వెల. వకీలుగాని వర్తకుడుగాని తన పొలమున వడ్లు పండించినచో ఆ వడ్లకు పన్ను లేదు. తరతరములుగా సేద్యము చేయు కర్షకుడే యైనను యంత్రమును పరుల పొలమునకు బాడుగకు త్రోలినచో ఆ బాడుగ వ్యాపారపు ఆదాయమగును.

ఏది నేల రాబడి? ఏది కాదు?

వ్యవసాయాదాయమనగా మూడు లక్షణములు గుర్తుంచుకొనవలెను. మొదటిది, అది భారతదేశమునందలి భూమినుండి రావలెను. రెండవది, ఆ భూమి వ్యవసాయమునకు ఉపయోగింపబడవలెను. మూడవది, దున్నుట, విత్తుట, నాటుట వంటి మూలకృషి ఆ నేలపై జరిగియుండవలెను. కలుపు తీయుట, కోయుట మొదలగు తరువాతి పనులు ఆ మూలకృషికి అనుబంధముగా నున్నప్పుడే వ్యవసాయమగునని సుప్రీంకోర్టు 1957లో తీర్పు చెప్పినది.

ఇక మన గ్రామములలోని వృత్తులను ఒక్కొక్కటిగా చూతము.

వరి, మిరప, ప్రత్తి, అపరాలు మున్నగు పంటల యమ్మకపు సొమ్ము వ్యవసాయాదాయము. కౌలుదారుడు పండించిన పంటయు అట్టిదే. సేద్యమునకై భూమి నిచ్చినవాడు పుచ్చుకొను కౌలును అట్టిదే. ఆ భూమినే ఇటుక బట్టీకో, సెల్ టవరునకో, చేపల చెఱువునకో ఇచ్చినచో ఆ యద్దె వ్యవసాయాదాయము కాదు. నాటి పెంచిన సరుగుడు, సుబాబులు, జామాయిలు తోటల కలప సొమ్ము వ్యవసాయాదాయమే.

పంటను విపణికి తగినట్లు చేయుటకు కర్షకుడు సాధారణముగా చేయు పనులు వ్యవసాయములోనివే. వడ్లు నూర్చుట, మిరపకాయ లెండబెట్టుట, పసుపు ఉడికించి యారబెట్టుట, వర్జీనియా పొగాకును బ్యారన్‌లో మాగబెట్టుట ఇట్టివి. చెఱకు విషయము వేఱు. చెఱకు చెఱకుగానే యమ్ముడుపోవునది గనుక, దానిని బెల్లముగా వండి యమ్మినచో చెఱకు వెల మేరకు వ్యవసాయాదాయమును, దానిపై వచ్చిన లాభము వ్యాపారాదాయమును అగును. అనకాపల్లి ప్రాంతపు సభ్యులు ఈ సంగతిని గమనింతురు గాక.

నారు, అంటు మొక్కలు పెంచువారికి ఒక మేలు కలదు. నేలలో గాక సంచులలోను కుండీలలోను పెంచిన మొక్క వ్యవసాయమగునా యను వివాదము చాలకాలము సాగెను. 2008 నాటి ఫైనాన్సు చట్టము నర్సరీలో పెంచిన నారు, మొక్కల యాదాయము వ్యవసాయాదాయముగానే పరిగణింపబడునని తేల్చినది. కడియము ప్రాంతపు నర్సరీలవారికి ఇది ముఖ్యమైన సంగతి. కాని యితరుల యొద్ద మొక్కలు కొని లాభమునకు మాఱమ్ముట వర్తకమే.

పాడి, కోళ్లు, గొఱ్ఱెలు, తేనెటీగలు, చేపలు, రొయ్యలు — వీనివలన వచ్చునది వ్యవసాయాదాయము కాదు. గోదావరి, కృష్ణా జిల్లాల చెఱువుల యజమానులు పలువురు తమ్ము రైతులుగానే యెంచుకొందురు; లోకమును అట్లే పిలుచును. పన్ను చట్టము మాత్రము ఆ పిలుపును లెక్కింపదు. పట్టుపురుగుల విషయమున మల్బరీ ఆకు వ్యవసాయోత్పత్తి; ఆ యాకును పురుగులకు మేపి తీసిన పట్టుగూడు వ్యవసాయోత్పత్తి కాదు.

ట్రాక్టరు, రోటవేటరు, కోతయంత్రము, మందు కొట్టు డ్రోను పరుల పొలములకు బాడుగకు త్రోలుట వ్యాపారము. ఇతరుల ధాన్యము కొని యమ్ముట, మధ్యవర్తిగా కమీషను పుచ్చుకొనుట, కిరాణా కొట్టు, కుట్టుపని, మోటారు మరమ్మతు ఇవన్నియు అట్టివే. బ్యాంకులో గాని మన సంఘములో గాని దాచుకొన్న సొమ్ముపై వడ్డీ కూడ వ్యవసాయాదాయము కాదు. పంట సొమ్మే దాచినను వడ్డీకి ఆ మినహాయింపు అంటదు. సహకార సంఘములకు చట్టములో గల ప్రత్యేకమగు తగ్గింపు సంఘమునకే గాని సభ్యునికి రాదు.

బాడుగ లాభమును లెక్కించు విధము

రెండవ రాబడిపై పన్ను అనగానే వచ్చిన సొమ్మంతటిపై పన్నని కొందఱు బెదరుదురు. అది పొరపాటు. పన్ను లాభముపైననే గాని రాబడిపై కాదు. లాభమును తేల్చుటకు రెండు మార్గములు కలవు.

మొదటి మార్గము ఊహాలాభము. 1961 చట్టమున దీనికి 44ఏడీ సెక్షను. సాలునకు రాబడి 2 కోట్లు మించని చిన్న వ్యాపారులు, నగదుగా ముట్టినదానిలో నూటికి 8 వంతులు, బ్యాంకు ద్వారా గాని యూపీఐ ద్వారా గాని ముట్టినదానిలో నూటికి 6 వంతులు లాభముగా చూపవచ్చును. ఇట్లు చూపువారు డీజిలునకును, డ్రైవరు కూలికిని, మరమ్మతులకును వేఱుగా ఖర్చు వ్రాయరాదు. అదంతయు ఆ లెక్కలోనే యణగియున్నది. ఉదాహరణమునకు ఒక సభ్యునికి ట్రాక్టరు బాడుగ 6,40,000 రూపాయలు వచ్చినదనుకొందము. అందు బ్యాంకు ద్వారా 4,00,000, నగదు 2,40,000. మొదటిదానికి 24,000, రెండవదానికి 19,200, మొత్తము లాభము 43,200 రూపాయలు.

ఇందు రెండు హెచ్చరికలు. 8, 6 వంతులనునవి కనీసపు మేరలు. నిజముగా అంతకంటె హెచ్చు లాభము వచ్చినచో హెచ్చునే చూపుట న్యాయము. మఱియు ఈ మార్గము పట్టినవాడు మరుసటి యేండ్లలో దీనిని వదలి తక్కువ లాభము చూపినచో, తరువాతి అయిదు సంవత్సరములు ఈ సౌకర్యము దొరకదు. కమీషను వ్యాపారమునకు ఈ మార్గము లేదు.

రెండవ మార్గము నిజలాభము. వచ్చినది, ఖర్చయినది వ్రాసి తేడాను చూపుట. ఇక్కడ మనవారు తఱచుగా చేయు తప్పులు రెండు. ఒకటి, అప్పు వాయిదా అంతయు ఖర్చు వ్రాయుట. వాయిదాలో వడ్డీ మాత్రమే ఖర్చు; అసలు ఖర్చు కాదు. దానికి బదులుగా యంత్రపు తరుగుదలను చట్టము చెప్పిన మేరకు తీసికొనవచ్చును. రెండవది, సొంత పొలము దున్నిన డీజిలును కూడ బాడుగ లెక్కలో వేయుట. సాలునకు ట్రాక్టరు 600 గంటలు తిరిగి, అందు 150 గంటలు సొంత పొలములో పనిచేసినచో, నాలుగవ వంతు ఖర్చు సేద్యపు పద్దులోనికి పోవలెను. ఏటేట నష్టమో స్వల్పలాభమో వచ్చు వ్యాపారమునకు ఈ రెండవ మార్గము మేలు. కాని చిట్టా, ఆవర్జాలు సరిగా నుంచినవానికే అది దక్కును.

వ్యవసాయాదాయమును చేర్చి చూచు పద్ధతి

ఇప్పుడు సభ్యులు నిదానముగా చదువవలసిన భాగము వచ్చినది. వ్యవసాయాదాయమునకు పన్ను లేకున్నను, ఇతరాదాయముపై పన్ను రేటును నిర్ణయించుటకు దానిని లెక్కలోనికి తీసికొందురు. 1972లో కె. ఎన్. రాజ్ గారి అధ్యక్షతన కూర్చున్న సంఘము చేసిన సూచనలను అనుసరించి 1973 నాటి ఫైనాన్సు చట్టముతో ఈ పద్ధతి వచ్చినది. నికర వ్యవసాయాదాయము 5,000 రూపాయలు దాటి, ఇతరాదాయము కూడ పన్ను లేని కనీసపు మేరను దాటినప్పుడే ఇది వర్తించును.

2025-26వ సంవత్సరపు నూతన పద్ధతిలో 4 లక్షల వఱకు పన్ను లేదు. తరువాత 8 లక్షల వఱకు నూటికి 5, 12 లక్షల వఱకు 10, 16 లక్షల వఱకు 15, 20 లక్షల వఱకు 20, 24 లక్షల వఱకు 25, ఆపైన 30 వంతులు. పన్నుకు లోబడు మొత్తాదాయము 12 లక్షలు మించనివారికి 60,000 రూపాయల వఱకు పన్ను తగ్గింపు కలదు.

మొదటి యుదాహరణము. ఒకనికి కోళ్ల ఫారము, ట్రాక్టరు బాడుగ కలిసి నికరలాభము 7 లక్షలు; పంటపై నికరాదాయము 4 లక్షలు. రెండును గూడి 11 లక్షలు. దానిపై పన్ను 50,000. ఇక పంట యాదాయమునకు కనీసపు మేరయగు 4 లక్షలు చేర్చిన 8 లక్షలు; దానిపై పన్ను 20,000. మొదటిదానినుండి రెండవదానిని తీసివేసిన మిగులు 30,000. పంట లేనిచో 7 లక్షలపై పన్ను 15,000 మాత్రమే. పంట పన్ను కట్టలేదు గాని పన్ను మెట్టును పైకెత్తినది. అయినను ఇతనికి తగ్గింపు వర్తించును గనుక చెల్లించునది సున్న.

రెండవ యుదాహరణము. ఒక చేపల చెఱువు యజమానికి చెఱువుపై లాభము 11 లక్షలు. పంటపై 8 లక్షలు. రెండును గూడి 19 లక్షలు. దానిపై పన్ను 1,80,000. పంటకు 4 లక్షలు చేర్చిన 12 లక్షలు, దానిపై 60,000. తేడా 1,20,000. అందు 60,000 తగ్గింపు పోగా మిగిలినది 60,000. దానిపై నూటికి 4 వంతుల సెస్సు 2,400. వెరసి 62,400 రూపాయలు. "నా లాభము 12 లక్షల లోపే గదా, పన్నేల?" అని యతడు ధీమాగా నున్నచో మోసపోవును. ఈ యొక్క లెక్క తెలియకనే పలువురు తబ్బిబ్బగుచున్నారు.

రెండు పుస్తకములు

మేము మిషను పాఠశాలలో చదువునాడు లెక్కల మాస్టరుగారు పలకపై నడుమ ఒక నిలువుగీత గీసి, "ఈ ప్రక్కది ఆ ప్రక్కకు దూకరాదు" అనెడివారు. నేటి మా పాఠమంతయు ఆ గీతయే. కర్షకుని యింట రెండు పుస్తకము లుండవలెను.

మొదటి పుస్తకము పొలముది. ఏ సర్వే నంబరులో ఎన్ని యెకరములు ఏ పంట వేసినది, విత్తనము, ఎఱువు, కూలి, కౌలు ఎంతయైనది, దిగుబడి యెంత, ఎవరికి ఏ ధరకు అమ్మినది వ్రాయవలెను. దీనితో పట్టాదారు పాసుపుస్తకపు నకలు, అడంగలు లేక పహాణీ, కౌలుపత్రము, మార్కెట్ యార్డు తక్‌పట్టీలు, కొనుగోలు కేంద్రపు రసీదులు, మన సంఘపు ఎఱువుల బిల్లులు ఒక సంచిలో భద్రపఱుపవలెను. పన్ను లేని యాదాయమునకు లెక్క యెందుకని యడుగువారున్నారు. పన్ను లేదని చెప్పుకొనువాడే అది పంట సొమ్మని నిరూపింపవలెను, అందుకే.

రెండవ పుస్తకము బాడుగది, పాలది, కొట్టుది, ఏది యున్న దానిది. బాడుగకైనచో తేదీ, పొలము యజమాని పేరు, ఊరు, చేసిన పని, గంటలు లేక యెకరములు, రావలసిన సొమ్ము, నగదుగా ముట్టినది, బ్యాంకులో ముట్టినది, మిగిలిన బాకీ — ఈ తొమ్మిది గడులు చాలును. రాత్రి భోజనమునకు ముందు అయిదు నిమిషముల పని. చదువురాని డ్రైవరైనచో ఇంటి పిల్లలచేత వ్రాయింపవచ్చును. మన ఆసామికి లోపించినది ఈ పుస్తకమే. అతడు కోసిన పొలముల పేర్లు ఇందు వ్రాసియుండినచో 3 లక్షలు మూలములేని సొమ్ము కాకపోయెడిది.

వీలున్నంతవఱకు రెండు రాబడులకు రెండు బ్యాంకు ఖాతాలు పెట్టుకొనుట మంచిది. బాడుగను యూపీఐలో పుచ్చుకొన్నచో పద్దు దానంతట అదే వ్రాయబడును; లాభపు వంతు కూడ 8కి బదులు 6 అగును. ఒకనియొద్దనుండి ఒక్క దినమున గాని ఒక్క వ్యవహారమున గాని 2 లక్షలు మొదలు ఆపై నగదు పుచ్చుకొనుటను చట్టము నిషేధించినది. పుచ్చుకొన్నంత సొమ్మును జరిమానాగా పోవచ్చును.

పాల లెక్కయందు ఒక మాట. కేంద్రములో పాలు భార్య పేర పోయుచున్నంతమాత్రమున ఆ యాదాయము ఆమెది కాదు. ఆమె సొంత సొమ్ముతో కొన్న గేదెలైనచో ఆమెదే. భర్త తన సొమ్ము నిచ్చి భార్య పేర కొన్నచో ఆ యాదాయమును చట్టము భర్త లెక్కలో చేర్చును.

రిటర్ను

2025-26వ సంవత్సరమునకు నూతన పద్ధతిలో పన్నుకు లోబడు ఆదాయము 4 లక్షలు దాటినవారు, తగ్గింపు వలన పన్ను సున్నయైనను, రిటర్ను దాఖలు చేయవలెను. వ్యాపారపు రాబడి 60 లక్షలు దాటినవారును, మినహాయించిన పన్ను 25,000 గాని అంతకు మించి గాని యున్నవారును అట్లే దాఖలు చేయవలెను. కోళ్ల కంపెనీ మొదలగువారు చెల్లింపునందే కొంత పన్ను పట్టియుంచినచో, దానిని తిరిగి పొందుటకును రిటర్నే మార్గము. ఎంత పట్టిరో, బ్యాంకులు ఏమి తెలిపెనో శాఖవారి వెబ్‌సైటులోని వార్షిక సమాచార పత్రమున చూచుకొనవచ్చును. మన పద్దును ఆ పత్రముతో సరిపోల్చుకొనిన పిమ్మటనే రిటర్ను వేయవలెను.

ఏ ఫారము? ఊహాలాభము చూపువారికి ఐటీఆర్-4 సులభమైనది. కాని వ్యవసాయాదాయము 5,000 రూపాయలు దాటినవాడు దానిని వాడరాదు. వ్యాపారాదాయము కూడ నున్నందున ఐటీఆర్-3 వేయవలెను. పట్టణములలో కొందఱు రిటర్నులు వ్రాయువారు సులువు కొఱకు పంట యాదాయమును వదలివేసి ఐటీఆర్-4 నింపుచున్నారు. సభ్యులు దానికి ఒప్పుకొనరాదు. మరునాడు వడ్ల సొమ్ము ఖాతాలో కనబడినప్పుడు జవాబు చెప్పవలసినది వ్రాసినవాడు కాదు, సంతకము చేసినవాడు. నికర వ్యవసాయాదాయము 5 లక్షలు దాటినచో భూమి యున్న జిల్లా, విస్తీర్ణము, సొంతమో కౌలో, మాగాణియో మెట్టయో అను వివరములు కూడ ఇయ్యవలెను.

పన్ను 10,000 రూపాయలు గాని అంతకు మించి గాని చెల్లింపవలసియున్నవారు ముందుగానే వాయిదాలలో కట్టవలెను. ఊహాలాభము చూపువారు మాత్రము మార్చి 15లోగా ఒక్కసారి కట్టిన చాలును.

జీఎస్టీని గూర్చి రెండు మాటలు. సొంత సేద్యపు పంటను అమ్మువాడు దాని మేరకు నమోదు కానక్కఱలేదు. పరుల పొలములు దున్నుట, కోయుట, నూర్చుట, సేద్యపు యంత్రములను బాడుగకిచ్చుట వీనికి జీఎస్టీ లేదు. ఆ ట్రాక్టరునకే ట్రాలీ కట్టి ఇసుక, ఇటుకలు తోలినచో ఈ మినహాయింపు వర్తింపదు. అట్లు తోలువారు సేవలకు 20 లక్షల మేరను గమనించుచుండవలెను.

రెండు ప్రలోభములు

కొందఱు రెండవ రాబడిని పంటలో కలిపి మఱుగుపఱుతురు. రెండెకరముల మెట్టలో 15 లక్షల పంట పండినదని వ్రాసినచో ఎవరు నమ్ముదురు? ఎకరమునకు ఎంత పండునో మా వంటి వారిని అడుగ నక్కఱలేదు. ప్రభుత్వపు దిగుబడి లెక్కలే చెప్పును. అట్టివారివలన నిజమైన కర్షకుని మినహాయింపునకే మచ్చ వచ్చుచున్నది.

మఱికొందఱు భయపడి యసలే లెక్క చూపరు. వారు కోల్పోవునది వేఱు. రెండవ యంత్రమునకు గాని కోళ్ల షెడ్డునకు గాని అప్పు కావలసినప్పుడు బ్యాంకు మొదట అడుగునది రిటర్నులనే. ఏటేట సున్న పన్నుతోనైనను రిటర్ను వేసినవాడు తన శ్రమకు సాక్ష్యము కూర్చుకొన్నవాడగును.

ఇప్పుడు మన ఆసామి లెక్క చూతము. బాడుగ రాబడి 8 లక్షలు, అంతయు నగదు. నూటికి 8 చొప్పున ఊహాలాభము 64,000. 2019-20లో పన్ను లేని కనీసపు మేర 2,50,000. ఇతరాదాయము ఆ మేర దాటలేదు గనుక పంటను చేర్చు పద్ధతియు వర్తింపదు. నిజలాభము 2 లక్షలనుకొన్నను పన్ను సున్నయే. రిటర్ను విధిగా వేయవలసిన పనియు లేదు. కావలసినది ఒక నోటుపుస్తకము మాత్రమే. గోటితో పోవుదానిని గొడ్డలి దాక తెచ్చినది మా తొందర మాట.

అతడిప్పుడు పుస్తకము వ్రాయుచున్నాడు. క్రిందటి కోతల కాలమున మేము వారి యూరు పోయినప్పుడు మాకు చూపెను. పెద్దమ్మాయి చేతివ్రాత, ప్రతి పంక్తియు నిండియున్నది. మా ప్రదర్శనములలో ఏ చేను చూచినప్పుడును మాకంత తృప్తి కలుగలేదు.

సంఘపు నెలసమావేశమున చర్చించుటకు ప్రశ్నలు

1. మీ యింటి రాబడులలో నేలనుండి వచ్చున వేవి? తక్కిన వేవి?

2. కౌలుకిచ్చిన పొలమున కౌలుదారుడు రొయ్యల చెఱువు త్రవ్వినచో యజమాని పుచ్చుకొను సొమ్ము ఏ పుస్తకమున వ్రాయవలెను?

3. ట్రాక్టరు బాడుగ నగదు 3,00,000, యూపీఐ 5,00,000 అయినచో ఊహాలాభమెంత?

4. పాడి లాభము 6 లక్షలు, పంట 5 లక్షలు గలవానికి 2025-26లో తగ్గింపునకు ముందు పన్నెంత? తగ్గింపు పిమ్మట నెంత?

మూడవదానికి జవాబు 54,000. నాలుగవదానికి తగ్గింపునకు ముందు 20,000, పిమ్మట సున్న. జవాబు కుదరనివారు సమావేశమునకు తమ పుస్తకములు తెచ్చినచో మేము కూర్చుండి చూచెదము. రేట్లును ఫారములును ఏటేట మారునవి గనుక, లెక్క పెద్దదైనవారు రిటర్నునకు ముందు అర్హుడగు ఆడిటరును కూడ కలిసికొనవలెను. పద్దు మాత్రము నేటిరాత్రినుండియే వ్రాయుడు. దానికి ఎవరి యనుమతియు అక్కఱలేదు.